1975–76 ఇండియానా హూజియర్స్ బాస్కెట్‌బాల్ సీజన్

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 1975–76లో 32 మ్యాచ్‌లు ఆడింది. ముప్ఫైరెండూ గెలిచింది. సీజన్ మొదలు కాకముందు వేసిన ర్యాంకుల్లో మొదటి స్థానంలో నిలిచి, చివరి మ్యాచ్ ముగిసేదాకా అక్కడినుంచి కదల్లేదు. జాతీయ కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ నిర్వహించే టోర్నమెంటు ఫైనల్లో 1976 మార్చి 29న ఫిలడెల్ఫియాలో మిషిగన్‌ను 86–68తో ఓడించి ఛాంపియన్ అయింది. ఈ జట్టుకు కోచ్ బాబ్ నైట్. అప్పటికి అతని వయసు 35.

ఒక్క ఓటమి కూడా లేకుండా పురుషుల జాతీయ టైటిల్ గెలిచిన జట్లు అంతకుముందు ఆరే ఉన్నాయి: 1956లో శాన్ ఫ్రాన్సిస్కో, 1957లో నార్త్ కరోలినా, ఆపైన 1964, 1967, 1972, 1973లలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన యూసీఎల్ఏ. ఇండియానా ఏడోది. 2025 టోర్నమెంటు ముగిసేనాటికి ఎనిమిదోది రాలేదు.

ఆటా, ఊరూ

విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలంటే మన దగ్గర ఆడే పిల్లలకూ, పీఈటీ మాస్టారికీ తప్ప మరొకరికి పట్టదు. అమెరికాలో సంగతి వేరు. అక్కడ వృత్తి క్రీడాకారుల లీగ్‌లు ఎంత పెద్దవైనా, కాలేజీ జట్టు వెనక ఊరికి ఊరే నిలబడుతుంది. అందులోనూ ఇండియానా రాష్ట్రానికి బాస్కెట్‌బాల్ ఒక పిచ్చి. ఆ రాష్ట్రం వాళ్లను హూజియర్లంటారు; ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. 1954లో మిలన్ అనే పల్లెటూరి హైస్కూల్ జట్టు పెద్ద పెద్ద పట్టణాల బడులను దాటుకుంటూ వెళ్లి రాష్ట్ర ఛాంపియన్ అయింది. 1986లో వచ్చిన ‘హూజియర్స్’ సినిమాకు ప్రేరణ ఆ కథే. ఈ వ్యాసంలో తరచూ కనిపించే, ఇండియానా జట్టులో సెంటర్‌గా ఆడిన కెంట్ బెన్సన్ సొంతూరు న్యూకాజిల్. అది చిన్న పట్టణమే. అక్కడి హైస్కూల్ జిమ్‌లో మాత్రం 9 వేల మందికి పైగా కూర్చునేలా అరుగులు కట్టారు. హైస్కూల్ జిమ్‌లలో ప్రపంచంలోనే అతి పెద్దదని దానికి పేరు.

నాటి కాలేజీ ఆటకూ నేటి ఆటకూ తేడాలు తెలియకపోతే ఈ సీజన్ స్కోర్లు సరిగా అర్థం కావు. 40 నిమిషాల ఆట, ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. ఎంత దూరంనుంచి వేసినా బుట్టకు రెండే పాయింట్లు. మూడు పాయింట్ల గీత దేశమంతటా 1986–87లో గానీ రాలేదు. ఇన్ని సెకన్లలోపు బంతి వేసి తీరాలనే షాట్ క్లాక్ కూడా లేదు. అది 1985–86లో వచ్చింది. కాబట్టి ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని చేతులు మార్చుకుంటూ కాలం గడపొచ్చు, వెనకబడ్డ జట్టు కొట్టుకులాడాల్సిందే. ఇక అన్నిటికన్నా విడ్డూరం, 1967 నుంచి డంక్ నిషేధం. ఆరడుగుల పదకొండంగుళాల మనిషి రింగ్ పక్కనే నిలబడి కూడా బంతిని లోపలికి బాదకూడదు, మర్యాదగా జారవిడవాలి. ఈ నిషేధాన్ని ఎత్తేసింది 1976–77లో, అంటే సరిగ్గా మనం చెప్పుకుంటున్న సీజన్ అయిపోయాక.

విరిగిన చెయ్యి

ఈ సీజన్ కథను 1975 నవంబరులో మొదలుపెడితే సగమే చెప్పినట్టు. అసలు మొదలు అదే ఏడాది ఫిబ్రవరి 22న, పర్‌డ్యూ విశ్వవిద్యాలయంతో ఆడిన మ్యాచ్‌లో ఉంది. రాష్ట్రంలోనే ఉన్న ఈ ప్రత్యర్థిని ఇండియానా ఆ రోజు 83–82తో, ఒకే ఒక్క పాయింటుతో గెలిచింది. కానీ జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసే ఫార్వర్డ్ స్కాట్ మే ఎడమ చెయ్యి విరిగింది. అప్పటికి ఆ జట్టుకు ఓటమి తెలియదు. ప్రత్యర్థులు దరిదాపుల్లోకి కూడా రాలేకపోతున్న రోజులవి.

మే లేకుండానే మిగతా లీగ్ మ్యాచ్‌లు గెలుచుకుంటూ పోయి, మార్చి 22న ఒహాయోలోని డేటన్‌లో ప్రాంతీయ ఫైనల్లో కెంటకీతో తలపడింది. డిసెంబరులో ఇదే కెంటకీని 98–74తో చిత్తు చేసింది. ఆ మ్యాచ్‌లోనే నైట్, కెంటకీ కోచ్ జో హాల్ తల వెనక చేత్తో చరిచాడు. సరదాకి కొట్టానన్నాడు నైట్. హాల్‌కు అది సరదాగా అనిపించలేదు. డేటన్‌లో కెంటకీ బాకీ తీర్చుకుంది, 92–90. కట్టుతోనే దిగిన మే కొద్ది నిమిషాలాడి రెండు పాయింట్లే చేయగలిగాడు. బెన్సన్ ఒక్కడే 33 పాయింట్లు చేసి, 23 రీబౌండ్లు, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతులు, అందుకున్నా సరిపోలేదు. 31 విజయాలు, ఒక్క ఓటమి. ఆ ఒక్కటీ రాకూడని రోజున వచ్చింది.

1975 జట్టే 1976 జట్టుకన్నా గొప్పదని వాదించేవాళ్లు ఇండియానాలో ఇప్పటికీ ఉన్నారు. స్టీవ్ గ్రీన్, జాన్ లాస్కోవ్‌స్కీ లాంటి ఆటగాళ్లు ఆ జట్టులో ఉండి, ఆ ఏడాదే చదువు ముగించి వెళ్లిపోయారు. వాదన కొట్టిపారేసేది కాదు. ప్రత్యర్థుల మీద ఆధిక్యం చూస్తే 1975 జట్టుదే పైచేయి. అయితే 1976 జట్టు చేసిన పని వేరు. ఎప్పుడు ఓడిపోతుందా అని దేశమంతా కాచుక్కూచున్నా, ఓడిపోవాల్సిన మ్యాచ్‌లను కూడా అది ఓడిపోలేదు.

నైట్, అతని అయిదుగురు

బాబ్ నైట్ ఒహాయో స్టేట్ జట్టులో ఆటగాడిగా 1960లో జాతీయ టైటిల్ చూశాడు. ఎక్కువగా బెంచీ మీదనుంచే. 24 ఏళ్లకే వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి ప్రధాన కోచ్ అయ్యాడు. 1971లో ఇండియానాకు వచ్చాడు. రెండో ఏడాదే జట్టును ఫైనల్ ఫోర్‌కు, అంటే జాతీయ సెమీఫైనల్స్‌కు తీసుకెళ్లాడు. అక్కడ బిల్ వాల్టన్ ఉన్న యూసీఎల్ఏ 70–59తో ఆపేసింది.

అతను నమ్మింది రెండే. ఒకటి, ఎవరి మనిషిని వాళ్లు కాపలా కాసే డిఫెన్స్. ఒక్కో ఆటగాడు తన ప్రత్యర్థిని నీడలా అంటిపెట్టుకుని, బంతి అతని చేతికి రాకుండా దారి మూసేయాలి. రెండోది, దాడిలో ముందే గీసిపెట్టిన ఎత్తులు లేకపోవడం. బంతి పాస్ చేసినవాడు నిలబడిపోకూడదు. పక్కవాడిని వెంటాడుతున్న ప్రత్యర్థికి అడ్డంగా వెళ్లి గోడలా నిలబడాలి, లేదా ఖాళీ కనబడ్డచోటికి దూసుకుపోవాలి. ఎదుటివాళ్లు ఎటు కదిలితే దాన్నిబట్టి అప్పటికప్పుడు నిర్ణయం. దీన్ని మోషన్ అఫెన్స్ అంటారు. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ, అయిదుగురి బుర్రలూ ఒకేలా పనిచేస్తే తప్ప సాగదు. అందుకు నైట్ సాధనలో పెట్టే చాకిరీ, తిట్టే తిట్లు కథలుగా మిగిలిపోయాయి.

అయిదుగురిలో నలుగురు చివరి ఏడాది విద్యార్థులు. ఒహాయోలోని సాండస్కీ నుంచి వచ్చిన స్కాట్ మే, ఆరడుగుల ఏడంగుళాల ఫార్వర్డ్. ఆ సీజన్‌లో సగటున మ్యాచ్‌కు 23.5 పాయింట్లు చేశాడు. ఇలినాయ్‌కు చెందిన క్విన్ బక్నర్ గార్డ్, జట్టుకు నోరూ బుర్రా అతనే. మొదట్లో విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కూడా ఆడినవాడు, ఆ దేహబలం డిఫెన్స్‌లో కనిపించేది. రెండో గార్డ్ బాబీ విల్కర్సన్ కూడా ఆరడుగుల ఏడంగుళాలే. గార్డులు పొట్టిగా, చురుగ్గా ఉండే కాలంలో అంత పొడగరి ఎదురొస్తే ప్రత్యర్థి గార్డులకు బుట్టే కనపడేది కాదు. టామ్ అబర్నతీ పేరు పేపర్లలో తక్కువగా కనిపించేది. ఎదుటి జట్టులో ప్రమాదకరమైన ఫార్వర్డ్‌ను కట్టేసే బాధ్యత మాత్రం అతనిదే. అయిదోవాడు మూడో ఏడాది చదువుతున్న బెన్సన్. బెంచీ మీద జిమ్ క్రూస్, వేన్ రాడ్‌ఫర్డ్, జిమ్ విస్మన్ తదితరులు. విస్మన్‌ను గుర్తుపెట్టుకోండి.

ఆరంభం

నవంబరు 3న ఇండియానాపొలిస్‌లో సోవియట్ జాతీయ జట్టుతో ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. రికార్డులో లెక్కకు రాని ఆట. అయినా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో వివాదాస్పదమైన ఆఖరి మూడు సెకన్లలో అమెరికా నుంచి స్వర్ణం లాగేసుకున్న దేశం కదా, తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. ఇండియానా 94–78తో గెలిచింది. చెయ్యి బాగైన మే 34 పాయింట్లు చేశాడు. కాలేజీ కుర్రాళ్లు ఒక దేశం జట్టును అలా ఓడించేసరికి, ఆ ఏడాది ఎవరిదో చాలామందికి అప్పుడే అర్థమైపోయింది.

నవంబరు 29న సెయింట్ లూయిస్‌లో మొదటి అసలు మ్యాచ్. ప్రత్యర్థి అంతకుముందు ఏడాది ఛాంపియన్ యూసీఎల్ఏ. పన్నెండేళ్లలో పది టైటిళ్లు గెలిపించిన జాన్ వుడెన్ రిటైరయ్యాడు, కొత్త కోచ్ జీన్ బార్టోకు ఇదే తొలి పరీక్ష. ఇండియానా 84–64తో గెలిచింది, మే 33 పాయింట్లు చేశాడు. బార్టోకు ఇంతకన్నా పాడు స్వాగతం ఉండదు.

ఇక్కడినుంచి అంతా నల్లేరు మీద నడకే అనుకుంటే పొరపాటు. డిసెంబరు 11న నోటర్ డామ్ మీద 63–60. నాలుగు రోజులకే లూయిస్‌విల్‌లో మళ్లీ కెంటకీ. ఆట అయిపోవస్తోంది, ఇండియానా రెండు పాయింట్లు వెనకబడి ఉంది. వేసిన బంతి రింగ్‌కు తగిలి బయటికొచ్చింది. బెన్సన్ దాన్ని పట్టుకోలేదు, పట్టుకునే వ్యవధి లేదు, గాలిలోనే తిరిగి బుట్టలోకి తట్టాడు. స్కోరు సమం. అదనపు సమయంలో కెంటకీ చేతులెత్తేసింది, 77–68. నెలాఖరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో హాలిడే ఫెస్టివల్ టోర్నమెంటు గెలిచింది. మిగిలిన డిసెంబరు మ్యాచ్‌లు చెప్పుకోదగ్గవి కావు.

బిగ్ టెన్

ఇండియానా ఆడే లీగ్ పేరు బిగ్ టెన్. అప్పట్లో అందులో పది విశ్వవిద్యాలయాలు, ఒక్కో ప్రత్యర్థితో రెండేసి మ్యాచ్‌లు, మొత్తం 18. మొదటిదే ఒహాయో స్టేట్ మీద 66–64, అతి కష్టమ్మీద. ఆ తర్వాత ఆన్ ఆర్బర్ వెళ్లి మిషిగన్‌ను 80–74తో ఓడించింది. పర్‌డ్యూ రెండుసార్లూ చెమటలు పట్టించింది: 71–67, 74–71. ఆ ఏడాది ఏ జట్టు మైదానానికి ఇండియానా వెళ్లినా, ఆతిథ్య జట్టుకు సీజన్‌లో అదే అతి పెద్ద రోజు.

అసలు గండం సొంత ఊళ్లోనే వచ్చింది. ఫిబ్రవరి 7, బ్లూమింగ్టన్‌లోని అసెంబ్లీ హాల్, ప్రత్యర్థి మిషిగన్. జానీ ఓర్ శిక్షణలో మిషిగన్ వేగంగా పరుగెత్తే జట్టు, మైదానం పొడుగునా వెంటాడి ప్రెస్ చేసే జట్టు. ఆ ఒత్తిడిలో విస్మన్ వరసగా బంతి పోగొట్టుకున్నాడు. నైట్ అతన్ని బయటికి పిలిచి, జెర్సీ ముందుభాగం గుప్పిట్లో పట్టుకుని కుర్చీలోకి లాగేశాడు. ఓ ఫొటోగ్రాఫర్ కెమెరా ఆ క్షణాన్ని పట్టేసింది. మర్నాటి పేపర్లలో మ్యాచ్ ఫలితంకన్నా ఆ ఫొటో మీదే ఎక్కువమంది కళ్లుపడ్డాయి. కుర్రవాడి మొహంలో భయం, కోచ్ మొహంలో కోపం. నైట్‌ను అభిమానించేవాళ్లు దాన్ని క్రమశిక్షణ అన్నారు, తక్కినవాళ్లు మరో మాట అన్నారు. 1985లో కుర్చీని మైదానంలోకి విసరడం, 2000లో విశ్వవిద్యాలయం అతన్ని తొలగించడం తెలిశాక ఇప్పుడు ఆ ఫొటో చూస్తే, రెండోవాళ్ల మాటే నిజమనిపిస్తుంది.

ఆ మ్యాచ్ మాత్రం పోలేదు. గడియారం సున్నాకు చేరుతుండగా ఇండియానా వేసిన బంతి తప్పిపోయింది. మళ్లీ బెన్సన్, మళ్లీ అదే తట్టు, స్కోరు 60–60. గంట మోగేలోగా బంతి అతని వేళ్లను వదిలిందా లేదా అన్నది మిషిగన్ అభిమానులతో మాట్లాడేటప్పుడు ఎత్తకూడని విషయం. అదనపు సమయంలో ఇండియానా 72–67తో గట్టెక్కింది. ఓటమి లేని ఈ సీజన్ మొత్తం రెండుసార్లు ఒకే మనిషి వేళ్ల కొసలమీద నిలబడిందన్నమాట.

చివరి లీగ్ మ్యాచ్‌లో ఒహాయో స్టేట్‌ను సొంత మైదానంలో 96–67తో ఓడించి ఇండియానా 18–0తో లీగ్ గెలిచింది. అంతకుముందు ఏడాది కూడా 18–0యే.

టోర్నమెంటు

అప్పట్లో ఎన్‌సీఏఏ టోర్నమెంటులో 32 జట్లే. 1975కు ముందు ఒక్కో లీగ్ నుంచి విజేతకే చోటు. ఆ నియమం సడలించాక రెండో స్థానంలో ఉన్న జట్టుకూ దారి దొరికింది. మిషిగన్ ఆ దారినే వచ్చింది.

మొదటి మ్యాచ్‌లో సెయింట్ జాన్స్ 90–70తో ఓడింది. తర్వాత లూసియానాలోని బేటన్ రూజ్‌లో రెండు కఠిన పరీక్షలు. అలబామా చివరి నిమిషాల్లో ఆధిక్యంలోకి కూడా వచ్చింది. మే ఆదుకున్నాడు, 74–69. ప్రాంతీయ ఫైనల్లో ఎదురుపడింది అల్ మెక్‌గైర్ కోచ్‌గా ఉన్న మార్కెట్ విశ్వవిద్యాలయం జట్టు. దేశంలో ఒకటో ర్యాంకు జట్టూ, రెండో ర్యాంకు జట్టూ ఫైనల్ ఫోర్‌కు ముందే ఢీకొనడం డ్రా తయారీలో లోపమే. ఇలాంటి మ్యాచ్ ఫిలడెల్ఫియాలో జరగాల్సింది. ఇండియానా 65–56తో గెలిచింది. మార్కెట్ మరుసటి ఏడాది ఛాంపియన్ అయింది.

అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండుతున్న సందర్భంలో ఆ ఏడాది ఫైనల్ ఫోర్‌ను ఫిలడెల్ఫియాలోని స్పెక్ట్రమ్‌లో పెట్టారు. విచిత్రమేమిటంటే అక్కడికి ఓటమి లేని జట్లు రెండు వచ్చాయి. ఇండియానాతోపాటు న్యూజెర్సీకి చెందిన రట్‌గర్స్ కూడా 31 గెలిచి ఒక్కటీ ఓడకుండా చేరింది. దాని ఆశలను సెమీఫైనల్లో మిషిగన్ 86–70తో ముగించింది. ఇండియానా యూసీఎల్ఏను మళ్లీ ఓడించింది, 65–51. గార్డ్‌గా ఆడుతూ విల్కర్సన్ ఆ మ్యాచ్‌లో 19 రీబౌండ్లు తీశాడు. సెంటర్లు కూడా అసూయపడే అంకె అది.

ఫైనల్

ఒకే లీగ్‌కు చెందిన రెండు జట్లు ఫైనల్ ఆడటం టోర్నమెంటు చరిత్రలో అదే తొలిసారి. అప్పటికే రెండుసార్లు ఓడించిన జట్టును మూడోసారి ఓడించాలి. ఒకరి ఎత్తులు మరొకరికి కంఠతా వచ్చు.

ఆట మొదలై మూడు నిమిషాలైనా కాలేదు, మిషిగన్ ఆటగాడు వేమన్ బ్రిట్ మోచేయి పొరపాటున విల్కర్సన్ తలకు తగిలింది. విల్కర్సన్ కుప్పకూలాడు. స్పృహ సరిగా లేని స్థితిలో అతన్ని స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లి ఆసుపత్రికి పంపారు. తమతో రోజూ ఆడేవాడు అలా వెళ్లిపోవడం చూసిన మిగతా నలుగురూ చాలాసేపు తేరుకోలేదు. మొదటి సగం ముగిసేసరికి మిషిగన్ 35–29తో ముందుంది. దాదాపు ఏడాది కిందట డేటన్‌లో మే సరిగా ఆడలేక జట్టు ఓడింది, ఇప్పుడు విల్కర్సన్ లేడు.

రెండో సగంలో అతని చోట ఎక్కువసేపు ఆడింది విస్మన్. ఏడు వారాల కిందట ఇదే మిషిగన్ ప్రెస్ ముందు తడబడి, దేశమంతా చూస్తుండగా జెర్సీ పట్టి లాగించుకున్న కుర్రవాడు. ఈసారి బంతిని జాగ్రత్తగా దాటించాడు, బెన్సన్‌కూ మేకూ అందించాల్సిన చోట అందించాడు. మే, బెన్సన్, బక్నర్ ముగ్గురూ వేసిందల్లా బుట్టలో పడింది. ఆ ఇరవై నిమిషాల్లో ఇండియానా 57 పాయింట్లు చేసింది. మూడు పాయింట్ల గీత లేని ఆ రోజుల్లో, ఫైనల్లో, ఒక సగంలో 57. మిషిగన్ అలసిపోయి నిలబడిపోయింది. 86–68. మే 26, బెన్సన్ 25, బక్నర్ 16. టోర్నమెంటు ఉత్తమ ఆటగాడి గౌరవం బెన్సన్‌కు దక్కింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు మే.

తర్వాత

అదే వేసవిలో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో డీన్ స్మిత్ కోచ్‌గా అమెరికా స్వర్ణం తిరిగి తెచ్చుకుంది. ఆ జట్టులో మే, బక్నర్ ఉన్నారు. వృత్తి క్రీడాకారుల లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మేను రెండో ఎంపికగా షికాగో, బక్నర్‌ను ఏడో ఎంపికగా మిల్వాకీ, విల్కర్సన్‌ను పదకొండో ఎంపికగా సియాటిల్ తీసుకున్నాయి. అబర్నతీ లేకర్స్‌కు వెళ్లాడు. 1977లో బెన్సన్ మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటివాడు. పాపం, ఎన్‌బీఏలో అతని తొలి మ్యాచ్ మొదలైన కాసేపటికే కరీం అబ్దుల్ జబ్బార్ పిడిగుద్దు తిన్నాడు. కరీంకు కూడా చెయ్యి విరిగింది, చాలామందికి బెన్సన్ ఆ గుద్దుతోనే గుర్తున్నాడు. బక్నర్ 1984లో బోస్టన్ సెల్టిక్స్‌తో ఎన్‌బీఏ టైటిల్ కూడా గెలిచాడు. హైస్కూల్, కాలేజీ, ఒలింపిక్స్, ఎన్‌బీఏ, నాలుగింటా ఛాంపియన్ అయిన అతి కొద్దిమందిలో అతనొకడు.

నైట్ ఇండియానాకు 1981, 1987లలో మరో రెండు టైటిళ్లు తెచ్చాడు. మొత్తం 902 విజయాలతో కోచ్ జీవితం ముగించి, 2023 నవంబరు 1న మరణించాడు.

రికార్డు దగ్గరికి వచ్చినవాళ్లు లేకపోలేదు. 1979లో లారీ బర్డ్ ఉన్న ఇండియానా స్టేట్ 33 గెలిచి ఫైనల్లో ఓడింది. 1991లో నెవడా–లాస్ వేగస్ 34 గెలిచి సెమీఫైనల్లో డ్యూక్‌కు 79–77తో దొరికిపోయింది. 2015లో కెంటకీ 38 గెలిచి సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో, 2021లో గొంజాగా 31 గెలిచి ఫైనల్లో బేలర్ చేతిలో ఓడాయి. మహిళల ఆటలో మాత్రం కనెక్టికట్ ఒక్కటే ఆరుసార్లు ఓటమి లేకుండా టైటిల్ గెలిచింది. పురుషుల ఆటలో మంచి ఆటగాళ్లు ఏడాది రెండేళ్లకే ఎన్‌బీఏకు వెళ్లిపోతుంటే, నలుగురు చివరి ఏడాది విద్యార్థులు కలిసి ఆడే జట్టు దొరకడమే గగనమైంది.

ఇండియానా వరస విజయాలు తర్వాతి సీజన్ మొదటి మ్యాచ్‌తో 33కు చేరాయి. 1976 డిసెంబరు 1న ఒహాయోలోని టొలీడోలో కొత్తగా కట్టిన సెంటెన్నియల్ హాల్‌లో జరిగిన మొట్టమొదటి మ్యాచ్‌లో టొలీడో విశ్వవిద్యాలయం జట్టు ఇండియానాను 59–57తో ఓడించింది.